ఊరి టోర్నమెంట్ లైవ్‌లో డ్రోన్: కాగితాల నుంచి ఆఖరి ఓవర్ దాకా

సంక్రాంతి వచ్చిందంటే మన రెండు రాష్ట్రాల్లో ఏ మండలంలో చూసినా టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంట్లే. ఇప్పుడు వాటిలో చాలా యూట్యూబ్‌లో లైవ్ వస్తున్నాయి, డల్లాస్‌లో ఉన్న ఊరి కుర్రాడు రాత్రి మేలుకుని మరీ చూస్తున్నాడు. లైవ్ మాట్లాడుకోవడానికి వచ్చిన కమిటీ వాళ్లు రేటు కంటే ముందు అడిగేది "డ్రోన్ ఉంటుందా?" అనే. డ్రోన్ అయితే ఉంటుంది గానీ, రిబ్బన్ కటింగ్ మీద ఒక రౌండు కొట్టి దిగిపోవడమో, బంతి వెంట పరుగెత్తబోయి చూసేవాళ్లకు కళ్లు తిరిగేలా చేయడమో తప్ప చాలా చోట్ల దానితో పెద్ద పని జరగడం లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. లైవ్‌లో డ్రోన్ ఉన్నది బంతి కోసం కాదు, గ్రౌండ్ కోసం. బంతిని చూపించడానికి కింద ట్రైపాడ్ మీద కెమెరా ఉంది, అది ఎప్పటికీ డ్రోన్ కంటే బాగా చూపిస్తుంది. లాంగాన్‌లో ఎవరున్నారు, కెప్టెన్ ఎవర్ని వెనక్కి పంపాడు, ఆ ఖాళీ ఎక్కడుంది, బ్యాట్స్‌మన్ అటే ఎందుకు కొట్టబోతున్నాడు అన్నవి మాత్రం కింది కెమెరాకు ఎన్నటికీ దొరకవు. ఇది ఒప్పుకుంటే మిగతా పని సగం తేలికవుతుంది, రిస్క్ కూడా తగ్గుతుంది, ఎందుకంటే ఈ షాట్‌కి డ్రోన్ ఆటగాళ్ల నెత్తి మీదికి వెళ్లాల్సిన పనే లేదు.

1. ముందు కాగితాలు

ఇది విసుగ్గా ఉంటుంది కానీ దాటేయొద్దు. మన దేశంలో డ్రోన్ రూల్స్ 2021 ఆగస్టు 25న వచ్చాయి. 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. మనం వాడేవన్నీ మొదటి రెండింట్లోనే వస్తాయి. నానోకి, వ్యాపారం కోసం కాకుండా ఎగరేసే మైక్రోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మీరు కమిటీ దగ్గర డబ్బు తీసుకుని మైక్రో డ్రోన్ ఎగరేస్తున్నారంటే అది వ్యాపారమే, సర్టిఫికెట్ ఉండాల్సిందే. 18 ఏళ్లు నిండి పదో తరగతి పాసై ఉంటే డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) గుర్తింపు ఉన్న ట్రైనింగ్ సంస్థలో నేర్చుకుని తీసుకోవచ్చు, అది పదేళ్లు చెల్లుతుంది. హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఈ ట్రైనింగ్ ఇస్తోంది. 2023 నుంచి పాస్‌పోర్టు కూడా తప్పనిసరి కాదు, ఓటరు కార్డు, రేషన్ కార్డు లాంటి వాటితో అప్లై చేయొచ్చు.

ఇక మెషిన్ సంగతి. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న కేంద్రం నిషేధించింది. అంటే ఇవాళ మార్కెట్లో ఎవరో "కొత్త పీస్, బిల్లు లేదు, తక్కువకే ఇస్తా" అని చూపించే డీజేఐ (చైనా కంపెనీ) డ్రోన్ ఎలా వచ్చిందో మీరే ఆలోచించుకోండి. దానికి రిజిస్ట్రేషన్ నంబరు రాదు, ఆ నంబరు లేనిదే ఇన్సూరెన్స్ ఉండదు, ఇన్సూరెన్స్ లేకుండా అది ఎవరి మీదైనా పడితే ఆసుపత్రి ఖర్చు మొత్తం మీ మీదే. అందుకే కొత్తగా లైవ్ మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఏంటంటే డ్రోన్ కొనకండి, పైలట్‌తో సహా అద్దెకు మాట్లాడుకోండి. మాట్లాడుకునే ముందు మూడు కాగితాలు వాట్సాప్‌లో పంపమనండి: డ్రోన్ రిజిస్ట్రేషన్ అంటే యూఐఎన్, పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. మూడూ వెంటనే పంపినవాడికి రోజుకు వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి.

తర్వాత జోన్. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ గ్రౌండ్ ఏ రంగులో ఉందో చూడండి. గ్రీన్ అయితే 400 అడుగుల ఎత్తు వరకు పర్మిషన్ అక్కర్లేదు, ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8–12 కిలోమీటర్ల మధ్యలో ఉంటే ఆ ఎత్తు 200 అడుగులే. యెల్లో అయితే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి, రెడ్ అయితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి, అంటే ఊరి టోర్నమెంట్‌కి దాదాపు ఆశ వదులుకోవాల్సిందే. విశాఖలో నేవీ ఉంది, హైదరాబాద్ ఉత్తరాన బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి, ఆ చుట్టుపక్కల గ్రౌండ్ అయితే మాట ఇచ్చే ముందే మ్యాప్ చూసుకోండి. మ్యాప్ కూడా ఒకసారి చూసి వదిలేసేది కాదు, ఎవరైనా వీఐపీ వస్తున్నారంటే ఆ ఏరియాని తాత్కాలికంగా రెడ్ చేస్తారు, కాబట్టి మ్యాచ్ రోజు పొద్దున మళ్లీ చూడండి. లోకల్ పోలీస్ స్టేషన్‌లో తేదీలు రాసి ఒక లెటర్ ఇచ్చి, రిసీవ్డ్ స్టాంపు వేయించుకున్న కాపీ జేబులో పెట్టుకోండి.

పెద్దవాళ్లకు కూడా ఇది తప్పలేదు. 2021 క్రికెట్ సీజన్‌లో పైనుంచి లైవ్ తీయడానికి బీసీసీఐ అంతటిది పౌర విమానయాన శాఖ దగ్గర, డీజీసీఏ దగ్గర షరతులతో కూడిన అనుమతి తెచ్చుకున్నాకే క్విడిచ్ సంస్థ డ్రోన్లు స్టేడియంలో లేచాయి.

2. ముందు రోజు గ్రౌండ్ చూడండి, మ్యాచ్ టైముకే

మ్యాచ్ మధ్యాహ్నం 3కి అయితే ముందు రోజు కూడా 3కే వెళ్లండి. సూర్యుడు ఎటున్నాడో, నీడలు ఎటు పడుతున్నాయో ఆ టైములోనే తెలుస్తుంది. నడుచుకుంటూ ఒక రౌండు తిరిగి మూడు సంగతులు నోట్ చేసుకోండి.

వైర్లు మొదటిది. పొలాల పక్క గ్రౌండ్లలో 11 కేవీ లైన్ ఒకటి మూలగా పోతుంటుంది, డ్రోన్ కెమెరాలో ఆ వైరు కనపడదు, డ్రోన్ సెన్సర్లకు కూడా సన్నటి వైరు సరిగా దొరకదు. రెండోది ఫ్లడ్‌లైట్ స్తంభాలు. వాటిలో అన్నింటికంటే ఎత్తైనదాని మీద మరో 10 మీటర్లు కలుపుకుని రిటర్న్ టు హోమ్ ఎత్తు సెట్ చేయండి, లేదంటే సిగ్నల్ పోయినప్పుడు డ్రోన్ తనంతట తానే ఇంటికి బయల్దేరి దారిలో స్తంభాన్ని గుద్దుతుంది. మూడోది టేకాఫ్ చోటు. రేకుల షెడ్డు, కారు బానెట్, ఇనుప చువ్వలున్న స్లాబ్ వద్దు, కంపాస్ తప్పుతుంది. మట్టి నేల మీద ఒక గట్టి పట్టా పరిచి, చుట్టూ తాడు కట్టి, జనం లోపలికి రాకుండా ఒక మనిషిని పెట్టండి. పిల్లలు తప్పకుండా వస్తారు, ఫ్యాన్ దగ్గరికి చెయ్యి పెట్టి చూస్తారు.

సంక్రాంతి అయితే నాలుగోది కూడా ఉంది, గాలిపటాలు. మాంజా ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే డ్రోన్ రాయిలా పడిపోతుంది, పైలట్ చేయగలిగింది ఏమీ ఉండదు. పక్క మేడల మీద పతంగులు ఎగరేస్తుంటే అటువైపు డ్రోన్ పెట్టొద్దు, గాలి ఎటు వీస్తే తెగిన దారాలు అటే వస్తాయన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. కోస్తాలో ఆ నెలలో పొద్దున మంచు బాగా పడుతుంది, అది విడిపోయేదాకా లేపొద్దు. గద్దల బెడద కూడా ఉంటుంది. గద్ద దగ్గరికొచ్చి చుట్టూ తిరగడం మొదలుపెడితే పక్కకు పరుగెత్తించకుండా నిటారుగా పైకి లేపండి, అంత నిటారుగా అది ఎక్కలేదు. అది వెళ్లాక దింపేసి పావుగంట ఆగండి.

3. గాల్లో చోటు ఎంచుకోవడం

టీవీలో చూసిన అలవాటుతో అందరూ డ్రోన్‌ని బౌలర్ వెనకాల పెట్టాలనుకుంటారు. పెట్టొద్దు. బౌలర్ చెయ్యి వెనక బ్యాట్స్‌మన్ కంటికి ఏదీ కదలకూడదనే కదా సైట్‌స్క్రీన్ పెట్టేది. అటు కాకుండా కీపర్ వెనక పెడదామా అంటే, ఓవర్ మారగానే అదే బౌలర్ ఎండ్ అవుతుంది. కాబట్టి పిచ్‌కి అడ్డంగా, స్క్వేర్ వైపు ఉండండి. ఒక ఓవర్‌లో అది పాయింట్, తర్వాతి ఓవర్‌లో అదే స్క్వేర్ లెగ్, ఏ ఎండ్ నుంచి బౌలింగ్ జరిగినా ఎవరి కంటికీ అడ్డం రాదు. రెండు స్క్వేర్‌లలో సూర్యుడు డ్రోన్ వీపు వైపు ఉండేది ఎంచుకోండి, అంటే సాయంత్రం మ్యాచ్‌కి పడమటి వైపు.

బౌండరీ తాడుకి బయట 10, 15 మీటర్లు, ఎత్తు 30 మీటర్లు, కెమెరా 25 నుంచి 30 డిగ్రీలు కిందికి. ఇది మొదలుపెట్టడానికి మంచి లెక్క. తాడు పిచ్‌కి 55, 60 మీటర్ల దూరంలో ఉందనుకుంటే డ్రోన్ నుంచి పిచ్‌కి అటూ ఇటూగా 80 మీటర్లు. మామూలు 24 ఎంఎం వైడ్ లెన్స్‌తో అక్కడ దాదాపు 120 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది, అంటే గ్రౌండ్ మొత్తం. అదే డ్రోన్‌లో 70 ఎంఎం లెన్స్ కూడా ఉంటే 40 మీటర్ల వెడల్పు, అంటే పిచ్చూ దగ్గరి ఫీల్డర్లూ. ఒక్క అడుగు కదలకుండా రెండు షాట్లు. 100 మీటర్లకు లేపితే గొప్పగా ఉంటుందనుకుంటారు గానీ ఫోన్‌లో చూసేవాడికి అక్కడి నుంచి మనుషులు చుక్కల్లా కనిపిస్తారు.

గ్యాలరీ లేని గ్రౌండ్‌లో జనం తాడు వెంటే కూర్చుంటారు. మీరు పెట్టదలుచుకున్న చోటి కింద జనం లేకుండా ముందే కమిటీతో మాట్లాడి ఆ 20, 30 మీటర్ల ముక్కని ఖాళీగా ఉంచమనండి, మైకులో కూడా చెప్పించండి. జనం నెత్తి మీద డ్రోన్ నిలబెట్టకూడదన్నది దేనికోసమూ సడలించని నియమం. ఇంకొకటి, టెన్నిస్ బంతి సిక్సర్ బాగా పైకి లేస్తుంది. బంతి గాల్లో ఉన్నంతసేపూ పైలట్ స్క్రీన్ వదిలేసి డ్రోన్ వైపే చూడాలి, అది తన వైపే వస్తుంటే వెనక్కీ పైకీ జరపాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ లోపలికి తేకూడదు. క్యాచ్ కోసం తలెత్తి పరుగెత్తే ఫీల్డర్ కంటికి ఆకాశంలో బంతి ఒక్కటే కనపడాలి.

4. డ్రోన్ తీసే బొమ్మ మిక్సర్ దాకా రావడం

లైవ్‌లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. డ్రోన్ తీసే బొమ్మ, అంటే వీడియో, రిమోట్‌కి వస్తుంది, రిమోట్ నుంచి మీ మిక్సర్‌కి (కెమెరాల మధ్య కట్ చేసే పెట్టెకి) రావడానికి రెండు దారులున్నాయి.

మొదటిది హెచ్‌డీఎంఐ. డీజేఐ ఆర్‌సీ ప్రో లాంటి రిమోట్‌కి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది, అందులోంచి తీసి ఏటెమ్ మినీ అనే చిన్న మిక్సర్‌కో, క్యాప్చర్ కార్డ్ (వీడియోని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే పరికరం) ద్వారా ఓబీఎస్, వీమిక్స్ లాంటి లైవ్ సాఫ్ట్‌వేర్ నడిచే ల్యాప్‌టాప్‌కో ఇవ్వొచ్చు. అద్దెకు మాట్లాడేటప్పుడే "రిమోట్‌కి హెచ్‌డీఎంఐ అవుట్ ఉందా?" అని అడగండి, మామూలు ఫోన్ పెట్టుకునే రిమోట్లకు ఉండదు. రిమోట్ స్క్రీన్ మీద ఉన్న బ్యాటరీ శాతం, ఎత్తు, మ్యాప్ గుర్తులు కూడా ఆ వైరు గుండా వచ్చేస్తుంటే సెట్టింగ్స్‌లో వాటిని తీసేసే ఆప్షన్ ఉందేమో చూడండి, లేకపోతే మిక్సర్‌లో అంచులు కట్ అయ్యేలా కొంచెం జూమ్ చేయండి.

రెండోది ఆర్‌టీఎంపీ, అంటే వీడియోని నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి. డీజేఐ ఫ్లై యాప్‌లో లైవ్ అనే ఆప్షన్ ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో చిన్న ఆర్‌టీఎంపీ సర్వర్ పెట్టుకుని ఒకే రూటర్ మీద దాన్ని అందుకోవచ్చు. వైరు గొడవ లేదు కానీ బొమ్మ కొన్ని సెకన్లు లేటుగా వస్తుంది. ఓవర్ల మధ్య గ్రౌండ్ చూపించడానికి పనికొస్తుంది, బంతి పడుతున్నప్పుడు పనికిరాదు.

నేనైతే హెచ్‌డీఎంఐనే ఎంచుకుంటాను. కానీ పైలట్ ఉండాల్సింది ఎండలో, ఓపెన్‌లో, డ్రోన్ కంటికి కనిపించేచోట, మిక్సర్ ఉండేది షామియానా కింద. మధ్యలో 50, 60 మీటర్లు. హెచ్‌డీఎంఐ వైరు 10 మీటర్లు దాటితే నమ్మకం లేదు. వైర్‌లెస్ వీడియో ట్రాన్స్‌మిటర్ పెడదామంటే అవి చాలావరకు 5 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తాయి, డ్రోన్ కూడా అదే పరిధిలో ఉంటే రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. అందుకని రిమోట్ దగ్గర హెచ్‌డీఎంఐ నుంచి ఎస్‌డీఐకి (ఎక్కువ దూరం వెళ్లగలిగే వీడియో సిగ్నల్‌కి) మార్చే చిన్న కన్వర్టర్, మిక్సర్ దగ్గర ఎస్‌డీఐ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే ఇంకొకటి, మధ్యలో ఆర్‌జీ6 వైరు. అదేదో పెద్ద సామాను కాదు, మీ ఊరి కేబుల్ ఆపరేటర్ ఇంటింటికీ లాగే 75 ఓమ్‌ల వైరే, రెండు చివర్లా బీఎన్‌సీ కనెక్టర్లు కొట్టించుకుంటే 60, 70 మీటర్లు ఏ గొడవా లేకుండా వస్తుంది. జనం నడిచేచోట వైరుని మట్టిలో కప్పండి.

వైఫై రూటర్‌ని పైలట్ పక్కన పెట్టొద్దు. వేలమంది వచ్చిన గ్రౌండ్‌లో అందరి జేబుల్లోనూ ఫోన్లుంటాయి, 2.4 గిగాహెర్ట్జ్ నిండిపోయి ఉంటుంది. ఖాళీ గ్రౌండ్‌లో పొద్దున టెస్ట్ చేసి అంతా బాగుందనుకుని, సాయంత్రం జనం నిండాక బొమ్మ ముక్కలైతే కారణం ఇదే. డ్రోన్‌ని 5.8 గిగాహెర్ట్జ్‌కి మార్చి చూడండి.

5. లేటు లెక్క

మంచి డ్రోన్లలో గాల్లోంచి రిమోట్‌కి బొమ్మ రావడానికి కంపెనీ చెప్పేదే 120, 130 మిల్లీసెకన్లు. కన్వర్టర్లు, మిక్సర్ కలుపుకుంటే 200 దాకా పోతుందనుకోండి. సెకనులో ఐదో వంతు, ఇదేం లెక్కా అనిపిస్తుంది. కానీ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి ఆ టైములో ఐదున్నర మీటర్లు వెళుతుంది, పిచ్ పొడవు 20.12 మీటర్లు. అంటే కింది కెమెరాలో బంతి బ్యాట్‌కి తగిలాక డ్రోన్‌కి కట్ చేస్తే అక్కడ బంతి ఇంకా బ్యాట్ దాకా రాకుండానే ఉంటుంది. చూసేవాడికి బంతి రెండుసార్లు పడినట్టుంటుంది, ఏం తేడా ఉందో చెప్పలేడు కానీ చిరాకు పడతాడు.

కొలవడం ఇలా. పిచ్ దగ్గర ఒకర్ని నిలబెట్టి చేతులు పైకెత్తి గట్టిగా చప్పట్లు కొట్టమనండి, రెండు కెమెరాలూ అతని మీదే ఉంచి మిక్సర్ మల్టీవ్యూని (అన్ని కెమెరాలూ ఒకే స్క్రీన్‌లో కనిపించేదాన్ని) ఫోన్‌లో స్లో మోషన్‌లో తీయండి. రెండు చప్పట్ల మధ్య ఎంత తేడా ఉందో ఫ్రేములు లెక్కపెడితే తెలిసిపోతుంది. ఓబీఎస్‌లో అయితే కింది కెమెరాలకు రెండర్ డిలే అనే ఫిల్టర్ పెట్టి అంతే లేటు ఇవ్వండి, అది 500 మిల్లీసెకన్ల దాకా ఇస్తుంది. కామెంటరీ మైక్‌కి కూడా ఆడియో సింక్ ఆఫ్‌సెట్‌లో అదే అంకె వేయండి, మర్చిపోతే బ్యాట్ చప్పుడు ముందొచ్చి షాట్ తర్వాత వస్తుంది. ఏటెమ్ మినీలో వీడియో లేటు పెట్టే వీలు లేదు, కాబట్టి అది వాడేవాళ్లు బంతి ఆటలో ఉండగా డ్రోన్‌కి కట్ చేయకుండా ఉంటే చాలు. నిజానికి మనం చేయబోయేది ఎలాగూ అదే.

డ్రోన్‌లో మైక్ ఉండదు, ఉన్నా వినిపించేది ఫ్యాన్ మోతే. జనం గోల కోసం తాడు దగ్గర ఒక మైక్ ప్రత్యేకంగా పెట్టండి, డ్రోన్ షాట్ వచ్చినప్పుడు దాని వాల్యూమ్ కొంచెం పెంచితే షాట్‌కి ప్రాణం వస్తుంది.

6. కెమెరా సెట్టింగులు, టూకీగా

అన్నీ మాన్యువల్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 లేదా 50 ఫ్రేములు, షట్టర్ 1/50 లేదా 1/100, అప్పుడే ఫ్లడ్‌లైట్ల కింద బొమ్మ మిణుకుమనదు. కింది కెమెరాలు కూడా అదే ఫ్రేమ్ రేటులో ఉండాలి. మధ్యాహ్నం ఎండలో ఆ షట్టర్‌కి బొమ్మ తెల్లబడుతుంది కాబట్టి వెలుతురు తగ్గించే ఎన్‌డీ16 లేదా ఎన్‌డీ32 ఫిల్టర్ వేయండి, సాయంత్రం ఐదు దాటాక బ్యాటరీ మార్చేటప్పుడు దాన్ని తీసేయడం గుర్తుంచుకోండి. వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలో వదలొద్దు, వదిలితే డ్రోన్ కదిలినప్పుడల్లా గడ్డి రంగు మారిపోతుంది. చీకటి పడ్డాక చాలా డ్రోన్లలో అడ్డంకి సెన్సర్లు పనిచేయవు, కాబట్టి రాత్రి మ్యాచ్‌లో పగలు చూసిపెట్టుకున్న ఆ ఒక్క చోటులోనే నిలబెట్టాలి.

7. బ్యాటరీలు

డబ్బా మీద 34 నిమిషాలనో 46 నిమిషాలనో రాసి ఉంటుంది. అందులో మూడో వంతు లేదనుకుని లెక్క వేసుకోండి. 30 శాతానికి దింపడం రూలుగా పెట్టుకుంటే పది ఓవర్ల ఇన్నింగ్స్‌కి రెండు బ్యాటరీలు కావాలి, మార్చుకునేది మాత్రం వికెట్ పడినప్పుడో డ్రింక్స్‌లోనో. రోజుకు నాలుగు మ్యాచ్‌లున్న టోర్నమెంట్ అయితే చార్జింగ్ ఆగకుండా నడవాలి. జనరేటర్ వోల్టేజి ఎగిరెగిరి పడుతుంది, చార్జర్‌ని నేరుగా దానికి పెట్టకుండా ఇన్వర్టర్ మీద పెట్టండి. మిక్సర్‌కి, రూటర్‌కి కూడా యూపీఎస్ ఉండాలి.

మే నెల టోర్నమెంట్లు వేరే కథ. చాలా డ్రోన్లకు కంపెనీ చెప్పే పరిమితి 40 డిగ్రీలు, మన రామగుండంలోనో నంద్యాలలోనో మధ్యాహ్నం అంతకంటే ఎక్కువే ఉంటుంది. దింపిన బ్యాటరీ చల్లారేదాకా చార్జింగ్ ఎక్కదు. నీడలో ఫ్యాన్ ముందు పెట్టండి, ఐసు డబ్బాలో మాత్రం పెట్టొద్దు, చెమ్మ పడుతుంది. ఒంటి గంట నుంచి మూడున్నర వరకు డ్రోన్ లేపం అని కమిటీకి ముందే చెప్పేయండి.

8. ముగ్గురు మనుషులు, ఒక లైను

పైలట్, పైలట్ పక్కన డ్రోన్‌ని మాత్రమే చూస్తూ నిలబడే మనిషి, మిక్సర్ దగ్గర కట్ చేసే మనిషి. రెండో మనిషిని డబ్బు దండగ అనుకుని మానేస్తారు. పైలట్ ఫ్రేమ్ చూసుకుంటూ స్క్రీన్‌లో తల పెట్టినప్పుడు వైరు, గద్ద, గాలిపటం, డ్రోన్ కిందికి నడుచుకుంటూ వచ్చిన ఐస్‌క్రీం బండి, ఇవన్నీ చూసేది అతనే.

ముగ్గురూ ఒకే ఫోన్ కాల్‌లో ఇయర్‌ఫోన్లతో ఉంటే చాలు, నెట్‌వర్క్ సరిగా లేనిచోట వాకీటాకీలు. మాటలు ముందే ఖాయం చేసుకోండి. ఓవర్ ఆఖరి బంతి అయిపోయిందనుకోండి:

"డ్రోన్, ఫ్రేమ్ ఉందా?"
"ఉందన్నా, వైడ్‌లో ఉన్నా, కదలడం లేదు."
"తీసుకుంటున్నా… లైవ్‌లో ఉన్నావ్. మెల్లగా కుడికి పోనీ… లాంగాఫ్ వాడు కనపడాలి… చాలు, ఆపు."
"ఆపా."
"బౌలర్ నడుస్తున్నాడు, కిందికి వచ్చేస్తున్నా… డ్రోన్ ఫ్రీ."

"లైవ్‌లో ఉన్నావ్", "ఫ్రీ" అనే ఈ రెండు మాటలూ తప్పకుండా అనాలి. ఫ్రీ అన్నాకే పైలట్ చోటు మార్చుకోవాలి. "దింపుతున్నా" అని పైలట్ అంటే మాత్రం ఎవరూ "ఒక్క నిమిషం అన్నా" అనకూడదు, ఫైనల్ ఆఖరి బంతి అయినా సరే.

9. ఒక ఓవర్‌లో డ్రోన్ ఎన్నిసార్లు

రెండు మూడు సార్లు, ఒక్కోటి ఆరు నుంచి పది సెకన్లు. కొత్త బ్యాట్స్‌మన్ వచ్చి గార్డ్ తీసుకుంటున్నప్పుడు వైడ్ వేసి ఫీల్డింగ్ మొత్తం చూపించండి, కామెంటేటర్‌కి మానిటర్ ఒకటి ఇస్తే అతనే "చూడండి, మిడ్‌వికెట్‌లో ఎవరూ లేరు" అని అందుకుంటాడు. సిక్స్ కొట్టిన వెంటనే వద్దు, అప్పుడు జనానికి బ్యాట్స్‌మన్ మొహం కావాలి. వికెట్ పడ్డాక గుమిగూడిన టీం మీద 70 ఎంఎం బాగుంటుంది. చివరి ఓవర్‌లో కెప్టెన్ ఫీల్డర్లను జరుపుతుంటే అదంతా పైనుంచి చూపించండి, ఆ అరనిమిషం టెన్షన్ కింది కెమెరాలో రానే రాదు. లైవ్‌లో ఉన్నప్పుడు ఒకే కదలిక ఉండాలి, పక్కకి అయితే పక్కకే, తిరుగుతూ లేస్తూ జూమ్ చేస్తూ కాదు. రనౌట్ అనుమానం ఉంటే డ్రోన్ చిప్‌లో రికార్డ్ అవుతున్నది పనికిరాదు, అది గాల్లోనే ఉంది కదా. కాబట్టి మిక్సర్ వైపు డ్రోన్ ఫీడ్‌ని విడిగా రికార్డ్ చేస్తూ ఉండండి, రిప్లేకి అదే దిక్కు.

10. క్రికెట్ కాకపోతే

ఎడ్ల బండలాగుడు పోటీలకు కూడా ఇప్పుడు లైవ్ అడుగుతున్నారు, గుంటూరు, ప్రకాశం వైపు మరీ. పాలపళ్ల (లేత వయసు ఎద్దుల) నుంచి సీనియర్స్ దాకా విభాగాల వారీగా రోజుల తరబడి జరుగుతాయి, ఇచ్చిన సమయంలో బండని ఎన్ని అడుగులు లాగాయన్నది లెక్క, కాబట్టి గీత పొడవునా చూపించే పైషాట్‌కి నిజంగానే విలువ ఉంది. కానీ ఎద్దులు బెదురుతాయి. నెత్తి మీద తేనెటీగల తుట్టెలా ఆ మోత వినిపిస్తే ఏ జత ఎలా తిరుగుతుందో చెప్పలేం, పక్కన జనం, ముందు పగ్గం పట్టుకున్న మనుషులు. కనీసం 50 మీటర్ల పక్కకి, గాలి వాలుకి అవతల, 70 ఎంఎంతో తీయండి. ఏ జత యజమాని అయినా వద్దంటే మారుమాట లేకుండా దింపండి. ఏళ్ల తరబడి బిడ్డల్లా పెంచుకున్న ఎద్దులవి, ఆ మాట అనే హక్కు అతనికుంది.

కబడ్డీకి డ్రోన్ వద్దనే చెబుతాను. కోర్టే 13 మీటర్లు, 10 మీటర్లు, చుట్టూ జనం, డ్రోన్‌కి చోటే లేదు. ఆ డబ్బుతో పొడవాటి చెయ్యి మీద కెమెరాని పైకి లేపే జిబ్ క్రేన్ ఒకటి తెచ్చుకోండి.

ఎఫ్‌పీవీ (పైలట్ గాగుల్స్‌లో చూస్తూ వేగంగా నడిపే డ్రోన్) గురించి అందరూ అడుగుతున్నారు. 2026 ఫిబ్రవరిలో మిలానో కోర్టినా వింటర్ ఒలింపిక్స్‌లో స్కీయర్ల వెనకే దూసుకెళ్లిన ఆ షాట్లు చూశాక ఎవరికైనా ఆశ పుడుతుంది. అక్కడ దారి ముందే తెలుసు, కంచె వేసి ఉంది, ఆ పైలట్లు అదే దారిలో ముందే ఎగిరి ప్రాక్టీస్ చేసినవాళ్లు. మన క్రికెట్ గ్రౌండ్‌లో బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. సైకిల్ రేసులకో, ఊరి బయట రన్నింగ్ రేసులకో అనుభవం ఉన్నవాళ్లతో ఆలోచించండి.

11. నెట్

యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే యాక్టివేట్ కావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, కాబట్టి వారం ముందే ఆ పని చేసేయండి. 1080కి 6 ఎంబీపీఎస్ అయినా పంపాలి, అప్‌లోడ్ స్పీడు దానికి రెట్టింపు ఉండాలి, లైవ్ సాఫ్ట్‌వేర్‌లో కీఫ్రేమ్ సెట్టింగ్ 2 సెకన్లు. జనం నిండాక సిమ్ నెట్ కూర్చుండిపోతుంది, కేబుల్ ఆపరేటర్‌తో మాట్లాడి గ్రౌండ్ దాకా ఫైబర్ లాగించుకోండి, వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు బ్యాకప్‌గా ఉంచండి. డ్రోన్ వైడ్ షాట్‌లో గడ్డి మొత్తం కదులుతుంది కాబట్టి బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) తక్కువైతే మొదట ముద్దయ్యేది ఆ షాటే. అలా అవుతుంటే డ్రోన్‌ని కదపకుండా నిలబెట్టి మాత్రమే వాడండి.

12. దింపేయాల్సిన సందర్భాలు

2015 డిసెంబర్ 22న ఇటలీలోని మడోన్నా ది కాంపిలియోలో వరల్డ్ కప్ స్లాలమ్ రేసు. ఆస్ట్రియా స్కీయర్ మార్సెల్ హిర్షర్ దిగుతుండగా టీవీ డ్రోన్ ఒకటి సరిగ్గా అతని వెనకే పడి ముక్కలైంది. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే అతని వీపు మీదే. అంతర్జాతీయ స్కీ సమాఖ్య అప్పట్లో వెంటనే తన రేసుల్లో డ్రోన్లను నిషేధించింది. అంతకు దాదాపు రెండేళ్ల ముందు సోచి ఒలింపిక్స్‌లో డ్రోన్ షాట్లను మెచ్చుకున్న క్రీడే అది. డ్రోన్ మనిషి నెత్తి మీద కాకుండా పక్కన ఉండి ఉంటే అది మంచులో పడిన యంత్రం మాత్రమే అయ్యేది.

అందుకని ఈ పరిస్థితుల్లో వాదన లేకుండా దింపండి: జెండాలు గట్టిగా కొట్టుకునేంత గాలి, ఒక్క చినుకు, జీపీఎస్ శాటిలైట్లు తగ్గడం, బొమ్మ రెండోసారి ఆగడం, కింద ఖాళీగా ఉంచిన చోటులోకి జనం రావడం, అంపైర్ చెయ్యి ఊపడం. అంపైర్లిద్దరితో టాస్‌కి ముందే మాట్లాడి, ఏ సైగ చేస్తే దింపేస్తారో చెప్పి పెట్టండి. వాళ్లకు ఆ మాట చెప్పిన లైవ్ టీంకీ చెప్పని టీంకీ గ్రౌండ్‌లో దొరికే సహకారం వేరేగా ఉంటుంది.

మ్యాచ్‌లయ్యాక బ్యాటరీలను ఫుల్ చార్జ్‌లో ఇంట్లో పడేయొద్దు, 50, 60 శాతంలో ఉంచండి. ప్రొపెల్లర్ అంచులు వేలితో తడిమి చూసి గీత పడ్డవి మార్చేయండి. డ్రోన్ ఫీడ్ రికార్డింగ్‌లోంచి రెండు టీంల ఫీల్డింగ్ వైడ్ షాట్లు విడిగా కట్ చేసి కెప్టెన్లకు పంపండి, కుర్రాళ్లు ఆ వీడియో పెట్టుకుని తర్వాతి మ్యాచ్‌కి ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో మాట్లాడుకుంటారు.